మన పేరున్న రాయి, సముద్రం ఒడ్డున నల్ల ఇసుక

కొంచెం పెద్ద పోస్టే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఇంటర్ అయిపోయిన ఒక చెల్లి మన గ్రూపులో అడిగింది. "అన్నా, నాకు డిగ్రీలో జియాలజీ తీసుకోవాలని ఉంది. మా నాన్న వద్దంటున్నాడు. కొండలు తవ్వేవాళ్ళ చదువు మనకెందుకు అంటున్నాడు. మీరెలా చదువుతున్నారు?" అని. కింద చాలామంది రాశారు. కొందరు ధైర్యంగా చదువమ్మా అన్నారు. కొందరు మీ నాన్న చెప్పిందే కరెక్టు అన్నారు. నేను ఆ రోజు ఏమీ రాయలేదు. ఎందుకంటే అదే మాట మా తాత నన్ను అన్నాడు. దానికి జవాబు చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఆ జవాబు ఒక ఇసుక రేణువు చుట్టూ తిరుగుతుంది. దాని పేరు మోనజైట్. ఇప్పుడు టీవీలో, పేపర్లో రేర్ ఎర్త్, రేర్ ఎర్త్ అని రోజూ వినిపిస్తోంది కదా, మన దేశంలో అవి ముఖ్యంగా దొరికేది ఈ మోనజైట్‌లోనే.

మాది అనంతగిరి కొండల్లో చిన్న ఊరు. మేం కోదులం. నాకు ఎమ్మెస్సీ జియాలజీలో సీటు వచ్చిందని ఊరెళ్ళి చెప్తే మా అయ్య సంతోషపడ్డాడు. తాత మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు. "ఆ చదువులో ఏటి ఇత్తార్రా చేతికి?" నేను బ్యాగులోంచి తీసి చూపించాను, సుత్తి. రాళ్ళు పగలగొట్టి చూసే జియాలజీ సుత్తి. తాత దాన్ని ముట్టుకోలేదు. "సుత్తి ఒట్టుకొని వచ్చినోళ్ళని మీ అయ్యా, నానూ కలిసి తిప్పి పంపినాం. ఇప్పుడు మా ఇంట్లోంచే సుత్తి ఒకటి బయల్దేరిందేటి?" అన్నాడు.

తాత కోపానికి కారణం లేకపోలేదు. మా మండలంలోనే నిమ్మలపాడు ఉంది. అక్కడి కాల్సైట్ గనుల లీజుల మీద నడిచిన కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1997 జులై 11న సమతా తీర్పు అయ్యింది. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వకూడదు, ప్రభుత్వం కూడా 1/70 చట్టానికి లోబడాల్సిందే అని ఆ తీర్పు చెప్పింది. మనలో చాలామందికి ఆ తీర్పు పేరు తెలుసు, కానీ తాత వయసు వాళ్ళకి అది కాగితం కాదు, బతికిన రోజులు. ముందు ఒక జీపు వస్తుంది, ఇద్దరు దిగుతారు, సుత్తితో రాయి కొడతారు, సంచిలో వేసుకుంటారు, నవ్వుతూ వెళ్ళిపోతారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి లారీలు వస్తాయి. తాత చూసిన జియాలజీ అంతే.

నేను జవాబు చెప్పలేక విశాఖ వచ్చేశాను.

మొదటి ఫీల్డ్ ట్రిప్ భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. గోస్తనీ ఎవరిదో మనకి చెప్పక్కర్లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దిగి, తాటిపూడి మీదుగా భీమిలికి వస్తుంది. మా ఊరి గెడ్డ కూడా చివరికి అందులోనే కలుస్తుంది. నేను అప్పటిదాకా ఆ నీళ్ళు ఎక్కడికి వెళ్తాయో చూడలేదు.

ఒడ్డున ఇసుక మీద నల్లటి చారలు ఉన్నాయి. ఎవరో బొగ్గుపొడి చల్లినట్టు. మా సార్ పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోంచి పీకిన చిన్న అయస్కాంతం ఒకటి తెచ్చారు. దాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి ఆ నల్ల ఇసుక మీద ఆడించారు. రేణువులు గుబురుగా లేచి అంటుకున్నాయి. "ఇది ఎక్కువ శాతం ఇల్మనైట్. ఆ గులాబి రంగువి గార్నెట్. తేనె రంగులో, పసుపుగా, గుండ్రంగా మెరిసేవి ఒకటీ అరా ఉంటాయి, వెతకండి, అవి మోనజైట్" అన్నారు. లెన్సు పెట్టి వెతికితే చాలాసేపటికి ఒకటి దొరికింది. చోళ్ల గింజ కంటే ఎంతో చిన్నది.

తర్వాత సార్ ఎదురుగా కనబడే కొండలు చూపించి, "ఈ ఇసుకలో ఎక్కువ భాగం ఆ కొండల్లోంచే వచ్చింది. ఆ రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి ప్రాంతం గురించి రాస్తూ ఆ పేరు పెట్టాడు. ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద" అన్నారు.

క్లాసులో ఒకడు నా భుజం తట్టి "ఒరే, మీ పేరు మీద రాయి ఉందంటరా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మన కుల ధ్రువపత్రం జాబితా గుర్తుందా? ఖోండులు, కోది, కోదు, దేశాయ ఖోండులు, డోంగ్రియా ఖోండులు, కుట్టియా ఖోండులు, తికిరియా ఖోండులు, యెనిటి ఖోండులు, కువింగ అని వరసగా ఉంటుంది. ఆ ఒక్క వరసలో ఉన్న పేరు కోసం నేను ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగానో. అదే పేరు ప్రపంచంలోని జియాలజీ పుస్తకాలన్నిట్లో వందేళ్ళకు పైగా అచ్చవుతోంది. ఆ పక్కనే ఉండే ఇంకో రాయి చార్నొకైట్. దానికి కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషు వ్యాపారి సమాధి రాయి నుంచి పేరు వచ్చింది. ఒక రాయికి చచ్చిపోయిన వ్యాపారి పేరు, ఒక రాయికి బతికున్న జనం పేరు. కానీ ఆ బతికున్న జనానికి తమ పేరుతో ఒక రాయి ఉందనే తెలీదు. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నాకే తెలీదు.

ఇసుక ఎలా తయారయ్యిందో చెప్తా. మన కొండల రాయి సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల చాలా లోతున, విపరీతమైన వేడిలో ఉడికిన రాయి. తర్వాత పైకి లేచింది. ఎండకి వానకి అందులో మెత్తగా ఉండే ఖనిజాలు మట్టి అయిపోయాయి. ఆ మట్టి ఎర్రబడి, కొన్ని కొండల నెత్తిన బాక్సైట్ అయ్యింది. అవును, మనం ఏళ్ళ తరబడి పోరాడిన ఆ బాక్సైట్ కూడా ఈ ఖోండలైట్ పుల్లబడి అయినదే. గట్టిగా, బరువుగా ఉన్న రేణువులు మాత్రం చెడిపోకుండా మిగిలి, గెడ్డల్లో పడి, నదుల్లో దొర్లి, సముద్రానికి చేరాయి.

అక్కడ సముద్రం చేసే పని మన ఇళ్ళల్లో అమ్మలు చేసే పనే. చోళ్లు చేటలో పోసి చెరిగితే పొట్టు ముందుకు పోయి, గింజ వెనక నిలుస్తుంది కదా. కెరటం కూడా అంతే. తేలికైన తెల్ల ఇసుకని వెనక్కి లాక్కుపోతుంది, బరువైన నల్ల ఇసుకని ఒడ్డునే వదిలేస్తుంది. మామూలు ఇసుక నీటికి రెండున్నర రెట్లు బరువు ఉంటే, మోనజైట్ సుమారు ఐదు రెట్లు. వేల ఏళ్ళ చెరుగుడు అది. గోస్తనీ ఒక్కటే కాదు. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో ఖోండుల కొండల్లోనే పుట్టి శ్రీకాకుళం తీరానికి వస్తాయి. అందుకే శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా తీరమంతా ఈ ఇసుక కనబడుతుంది. దేశంలో మోనజైట్ నిల్వలు సుమారు 130 లక్షల టన్నులని అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క. అందులో 35 లక్షల టన్నులకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ.

అసలు ఈ మోనజైట్ దేనికి? ఇక్కడ మీకు ఒక పెళ్ళి గుర్తుచేస్తా.

నా చిన్నప్పుడు మా ఊరికి కరెంటు సరిగా ఉండేది కాదు. పెళ్ళైనా, ఇటుకల పండగైనా కింద సంత నుంచి పెట్రోమాక్స్ లైటు అద్దెకు తెచ్చేవాళ్ళు. దానికి తెల్లటి జాలీ సంచి లాంటి మేంటిల్ కట్టి వెలిగిస్తే, బట్ట కాలిపోయి బూడిద గూడులా మిగిలేది. ఆ బూడిదే తెల్లగా మండిపోతూ వెలుగిచ్చేది. ముట్టుకుంటే రాలిపోయేది. పిల్లలం దగ్గరికి వెళ్తే తాత తిట్టేవాడు. ఆ బూడిద ఏంటో తెలుసా? ఆ రోజుల్లో మేంటిల్‌లో 99 పాళ్ళు థోరియం ఆక్సైడ్, ఒక పాలు సీరియం ఆక్సైడ్. రెండూ మోనజైట్ లోంచి తీసేవే. 1891లో ఆస్ట్రియాలో ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ ఈ పాళ్ళు కనిపెట్టాడు. యూరప్‌లో ఎన్నో వీధి దీపాలు దానితో వెలిగాయి. మోనజైట్‌కి మొదట గిరాకీ వచ్చింది అప్పుడే, ఆ మేంటిల్ కోసమే.

అప్పట్లో ఆ ఇసుక బ్రెజిల్ నుంచి వెళ్ళేది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకి అంటుకున్న ఇసుకలో మోనజైట్ ఉందని కనిపెట్టాడు. పీచు దులిపితే రాలిన ఇసుక! వెంటనే మన దేశం వచ్చి, ఇప్పటి తమిళనాడులోని మనవాళకురిచ్చి దగ్గర తవ్వకం మొదలుపెట్టాడు. పీచు నేసిన వాళ్ళకి, ఆ ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉంటుందా? ఇసుక విలువ ముందు తెలిసింది దూరంగా ఉన్నవాడికి. ఈ ముక్క చదివినప్పుడు నాకు తాత చెప్పిన జీపు గుర్తొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ పెట్టారు. 1952లో కేరళ ఆలువాలో మోనజైట్ శుద్ధి చేసే ఫ్యాక్టరీని నెహ్రూ ప్రారంభించారు. తర్వాత మన పక్కనే ఒడిశా గంజాం జిల్లా ఛత్రపురంలో పెద్ద యూనిట్ వచ్చింది.

ముడి ఇసుకలో చాలాచోట్ల మోనజైట్ ఒక శాతం కూడా ఉండదు. అందుకే ముందు నీళ్ళతో మరల్లాంటి తొట్టెల్లో తిప్పి బరువైన ఇసుకని విడదీస్తారు. తర్వాత అయస్కాంతం మీద, కరెంటు చార్జీ మీద పంపి, ఇల్మనైట్ ఒకవైపు, గార్నెట్ ఒకవైపు, జిర్కాన్, సిల్లిమనైట్, మోనజైట్ వేరువేరుగా తీస్తారు. ఇల్మనైట్ తెల్ల రంగులకి, పెయింట్లకి పోతుంది. గార్నెట్ సానపట్టడానికి. జిర్కాన్ టైల్స్‌కి. చివరికి మిగిలిన పిడికెడు మోనజైట్‌ని మెత్తగా నూరి కాస్టిక్ సోడాతో ఉడికిస్తారు. ఫాస్ఫేట్ ఒక ఉప్పుగా విడిపోతుంది. రేర్ ఎర్త్‌లు ఒకవైపు, థోరియం ఒకవైపు.

రేర్ ఎర్త్ అంటే 17 మూలకాలు. పేరుకి అరుదు, కానీ వాటిలో సీరియం భూమి పొరలో ఇంచుమించు రాగి అంత ఉంటుంది. ఒకచోట పోగుపడి దొరకడం కష్టం, ఒకదాని నుంచి ఒకటి విడదీయడం ఇంకా కష్టం. అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. మోనజైట్‌లో ఎక్కువ ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం. సీరియం పొడితో అద్దాలు, లెన్సులు పాలిష్ చేస్తారు. బండ్ల పొగ గొట్టంలో విషవాయువుని తగ్గించే భాగంలోనూ అదే. లాంథనం పెట్రోలు శుద్ధి చేసే చోట, కెమెరా లెన్సుల్లో. సిగరెట్ లైటర్‌లో నిప్పురవ్వ కొట్టే చిన్న రాయి కూడా ఈ లోహాల మిశ్రమమే. నియోడిమియం, ప్రసియోడిమియంతో చేసే అయస్కాంతం 1980లలో జపాన్‌లో, అమెరికాలో కనిపెట్టారు. ఈ పోస్టు మీరు చదువుతున్న ఫోన్ వణకడానికి, ఇయర్‌ఫోన్‌లో పాట వినబడటానికి, ఎలక్ట్రిక్ బండి నడవడానికి, పెద్ద గాలిమరల్లో కొన్ని తిరగడానికి ఆ అయస్కాంతమే. ఒక ఎలక్ట్రిక్ కారు మోటారులో ఒకటి రెండు కిలోలు, ఆ గాలిమరలో వందల కిలోలు పడుతుంది. భీమిలిలో సార్ ఆడించిన హార్డ్ డిస్క్ అయస్కాంతం కూడా అదే రకం. అంటే ఇసుక లోంచి వచ్చినదే ఇసుకని లాగింది.

ఇప్పుడు దీని మీద ఇంత గొడవ ఎందుకంటే, 2024లో చైనా సుమారు 2,70,000 టన్నుల రేర్ ఎర్త్‌లు తీసింది. మనం సుమారు 2,900 టన్నులు. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రేర్ ఎర్త్‌ల మీద, అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెడితే మన బండ్ల కంపెనీలకి కూడా ఇబ్బంది వచ్చింది. అప్పటినుంచి మన తీరం ఇసుక గురించి ఢిల్లీలో కూడా మాట్లాడుతున్నారు. 2023 మేలో మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం దగ్గర, బార్క్ స్థలంలో సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటును దేశానికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోలు దాని సామర్థ్యం. చిన్నదే, కానీ మన దగ్గరే ఉంది.

ఇంకో సంగతి దాచకూడదు. మన మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ సుమారు 9 శాతం, కొంచెం యురేనియం కూడా ఉంటాయి. అంటే రేడియేషన్ ఉంటుంది. దీని గురించి వాట్సప్‌లో భయపెట్టే మెసేజ్‌లు వస్తుంటాయి. నిజం ఏంటంటే, కేరళ కరునాగపల్లి తీరంలో సహజ రేడియేషన్ మామూలు కంటే చాలా ఎక్కువ. అక్కడి జనాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన అధ్యయనంలో దానివల్ల కేన్సర్ పెరిగినట్టు కనబడలేదు. ఇసుక ఒడ్డున పడి ఉండటం ఒక సంగతి. దాన్ని పోగుచేసి, నూరి, ఉడికించి, మిగిలినది ఎక్కడో పారబోయడం వేరే సంగతి. మలేషియాలో ఇపో దగ్గర బుకిట్ మెరా అనే ఊళ్ళో 1982 నుంచి, తగరం గనుల్లో మిగిలిన మోనజైట్ శుద్ధి చేశారు. థోరియం వ్యర్థాల మీద ఊరివాళ్ళు వీధుల్లోకి వచ్చారు, కోర్టుకి వెళ్ళారు. 1992లో హైకోర్టులో గెలిచారు, 1993లో పై కోర్టులో ఓడిపోయారు. అయినా 1994లో ఆ ఫ్యాక్టరీ మూసేశారు. తర్వాత శుభ్రం చేయడానికి ఏళ్ళు పట్టింది. చివరికి ఆ వ్యర్థాన్ని ఎక్కడ పాతారు? దగ్గర్లో ఉన్న ఒక కొండలో.

అది చదివాక నాకు ఒకటి అర్థమైంది. భయపడటానికి కూడా తెలిసి ఉండాలి. దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలియకపోతే, ఎవడు గట్టిగా చెప్తే వాడి మాటే నమ్ముతాం.

ఇక చట్టం. మన వాళ్ళు చాలామంది "గ్రామసభ ఒప్పుకోకపోతే ఏ రాయీ తీయలేరు" అనుకుంటారు. అంత తేలిక కాదు. 1996 పెసా చట్టం గనుల లీజుకి ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి అని చెప్పింది చిన్న తరహా ఖనిజాలకి మాత్రమే. మోనజైట్ చిన్న తరహా కాదు, చట్టంలో అణు ఖనిజాల జాబితాలో ఉంది. బాక్సైట్ ఇంకో జాబితా. గ్రావెల్, కంకర ఇంకో జాబితా. 2019లో నిబంధన మార్చి, మోనజైట్ ఉన్న తీరం ఇసుక లీజులు ప్రభుత్వ సంస్థలకే అన్నారు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులని ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. అంటే మైకు ముందు నిలబడి "వద్దు" అని చెప్పే ఆ ఒక్క రోజు కూడా ఈ ఖనిజాలకి పోయినట్టే. అయినా అన్నీ పోలేదు. షెడ్యూల్డ్ ఏరియాలో 1/70, సమతా తీర్పు ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు ఒక్కొక్కటిగా కూర్చుని బాక్సైట్ వద్దన్నది ఆ చట్టం కిందే, సుప్రీంకోర్టు చెప్పిన తర్వాతే. అదీ ఖోండలైట్ కొండే. అక్కడి డోంగ్రియాలు మన జాబితాలో ఉన్న పేరే.

చూశారా, ఒకే కొండలోంచి వచ్చిన మూడు ఖనిజాలకి మూడు జాబితాలు, మూడు రకాల హక్కులు. కాగితంలో రాయి పేరు ఏం రాశారో తెలియకపోతే, ఏ చట్టం పట్టుకోవాలో కూడా మనకి తెలీదు. నిమ్మలపాడులో పోరాడిన వాళ్ళకి భూమి మనదని తెలుసు, చట్టం తెలిసినవాళ్ళు తోడు నిలిచారు. ఇప్పుడు వచ్చే కాగితాల్లో భూమితో పాటు రాయి కూడా చదవాలి. అది చదివేవాడు బయటివాడే ఎందుకు అవ్వాలి?

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఆ ఇసుక మన కొండల నుంచి వెళ్ళింది కాబట్టి మనదే అని నేను అనను. తీరానికి చేరాక అక్కడ వేటకెళ్ళే జాలరి కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పడవలు నిలిచేది ఆ ఇసుక మీదే, వలలు ఆరేది ఆ ఇసుక మీదే. వాళ్ళకి 1/70 లేదు, సమతా లేదు. మనకి ఉన్న కంచె వాళ్ళకి లేదు. భీమిలిలో నేను వంగి రేణువులు ఏరుతుంటే ఒక పెద్దామె వచ్చి "బాబూ, ఇక్కడ ఏటి తవ్వుతారు?" అని అడిగింది. అచ్చం తాత గొంతే. "తవ్వడానికి కాదమ్మా, చదువుకోడానికి వచ్చాం" అన్నాను. ఆమె నమ్మలేదు. నన్ను చూసి భయపడిన మొదటి మనిషి ఆమె. ఆ రోజు నాకు సుత్తి ఇటువైపు నుంచి ఎలా కనబడుతుందో తెలిసింది.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక చిన్న గాజు సీసాలో ఆ ఇసుక పట్టుకెళ్ళాను. తాత చేతిలో పెట్టాను. వెలుతురు వైపు పెట్టి తిప్పి చూశాడు. గార్నెట్ గులాబిగా మెరిసింది. "ఇది మన గెడ్డలోది కాదేటి? వాన వెలిసినాక ఒడ్డున నల్లగా ఉంతాది" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. నేను రెండు సెమిస్టర్లు చదివి తెలుసుకున్న సంగతి తాత ఒక్క చూపులో చెప్పాడు. ఆ ఇసుక ఎక్కడి వరకు వెళ్తుందో చెప్పాను. పెళ్ళిళ్ళ పెట్రోమాక్స్ మేంటిల్ సంగతి చెప్పాను. రాయికి మన పేరు ఉందని చెప్పాను. తాత దానికి మాత్రం నవ్వాడు. "మనకి సెప్పకుండానే ఎట్టీసినారా పేరు?" అన్నాడు.

కాసేపటికి అన్నాడు. "సదువు. గాని ఏ కొండ మీద రాయి కొట్టినా, ఏటి దొరికిందో ముందు ఆ ఊరోళ్ళకి సెప్పు. తర్వాతే కాగితం మీద రాయి."

చెల్లీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇదే. ఇది నాకు తాత పెట్టిన షరతు. నాకు తెలిసిన ఏ జియాలజీ పుస్తకంలోనూ ఇది లేదు. రేపు నాకు సర్వే ఉద్యోగం వస్తే దీన్ని నిలబెట్టుకోగలనా? గట్టిగా చెప్పలేను. జీతం ఇచ్చేవాడు ముందు రిపోర్టు నాకు ఇవ్వు అంటాడు. ఆ రోజు ఏం చేస్తానో ఇప్పుడే పెద్ద మాటలు చెప్పను. కానీ ఆ ప్రశ్న మోసుకుని వెళ్ళేవాడు ఒకడైనా ఆ జీపులో ఉండాలి అని మాత్రం అనుకుంటున్నాను. మీ నాన్నతో వాదించకు. ఆయన భయం తప్పు కాదు. ఒక సీసాలో మీ గెడ్డ ఇసుక తీసుకుని, ఆయన పక్కన కూర్చుని చూపించు. బహుశా ఆయనకి నీకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

మిగతా వాళ్ళకి రెండు మాటలు. మీ ఊరికి సర్వే అని ఎవరైనా వస్తే కాగితం అడిగి ఫోటో తీసుకోండి. ఏ ఖనిజం పేరు రాశారో చూడండి, ఆ పేరు గ్రూపులో పెట్టండి. నాకు తెలిసింది నేను చెప్తా, చట్టం సంగతి లా చదువుతున్న మన వాళ్ళు చెప్తారు. అలాగే సెలవుల్లో వచ్చేటప్పుడు మీ గెడ్డ ఒడ్డు నల్ల ఇసుక ఒక గుప్పెడు, ఎక్కడ తీశారో కాగితం ముక్క మీద రాసి తెండి. లెన్సు కింద పెట్టి అందులో ఏమున్నాయో అందరం కలిసి చూద్దాం. చూసింది ముందు మీ ఊరికే చెప్దాం.

జోహార్.